అవతలి గట్టు పద్ధతి

తాతబ్బాయి తాగి పంటు నడిపిన మాట నిజం. కోర్టులో ఎవరూ అడక్కముందే అతనే ఒప్పుకున్నాడు. ఒప్పుకోక చేసేది కూడా లేదు, ఎందుకంటే ఆ రోజు పంటు మీద మేజిస్ట్రేటు గారు ఉన్నారు.

గోదావరి పాయకి అవతలున్న లంకలో ఏదో పెళ్ళికి వెళ్ళి వస్తూ ఆయన జీపుతో సహా పంటు ఎక్కారు. రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిచిన ఆ పంటు, జీపునీ మోటారు సైకిళ్ళనీ అరటి గెలల్నీ ఒక గేదెనీ బోలెడు జనాన్నీ మోసుకుంటూ నడి గోదావరిలోకి వచ్చాక, సరంగు తాతబ్బాయికి ఒక రేవు బదులు రెండు రేవులు కనబడ్డాయి. ఏ రేవుకీ అన్యాయం చెయ్యడం ఇష్టంలేక రెంటికీ మధ్యన పోనిచ్చాడు. అక్కడ ఇసుక మేట ఉంది. నీరు పాటు తీస్తున్న వేళ కావడంతో పంటు ఆ మేట మీద పొదిగే కోడిపెట్టలా కూర్చుండిపోయింది. సముద్రం పోటు వచ్చి లేపేదాకా మేజిస్ట్రేటు గారు అరటి గెలల నీడన కూర్చుని, తన చొక్కా అంచు నమలాలని గేదె మాటిమాటికీ పెట్టుకుంటున్న అర్జీని మౌనంగా తోసిపుచ్చుతూ గడిపారు.

ఆయన దయగల మనిషి. జైలుకి పంపితే బయటికొచ్చాక మళ్ళీ తాగుతాడు, తాగితే మళ్ళీ మేట ఎక్కిస్తాడు, ఆ పంటు మీద మళ్ళీ తనే ఉండొచ్చు అని ఆలోచించి, తాతబ్బాయిని కోర్టు పర్యవేక్షణలో నడిచే మత్తు విముక్తి కేంద్రానికి అప్పగించారు. షరతులు తేలికే. ఏడాదిపాటు మందు ముట్టకూడదు. కేంద్రం నుంచి ఎప్పుడు కబురొస్తే అప్పుడు వెళ్ళి మూత్రం పరీక్షకి ఇవ్వాలి. నిలబడితే సరంగు లైసెన్సు తిరిగిస్తారు. మూడు పరీక్షలు తప్పితే జైలు, లైసెన్సు శాశ్వతంగా రద్దు.

"లైసెన్సు పోతే నేనేం చెయ్యాలండి? నాకు గోదారి తప్ప ఇంకోటి రాదండి," అన్నాడు తాతబ్బాయి బోనులోంచి.

"గోదావరి కూడా రాదని ఆ రోజు తెలిసింది. వెళ్ళిరా," అన్నారు మేజిస్ట్రేటు గారు.

తాతబ్బాయి మానేశాడు. చెప్పడానికి ఒక్క ముక్క, మానడానికి చలికాలమంతా పట్టింది. చేతులు వణికాయి, నిద్ర పారిపోయింది, చల్లగాలిలో చెమటలు పట్టాయి. అతని భార్య మంగతాయారు హాస్టల్లో వంట చేస్తుంది. సాయంత్రం ఇంటికి రాగానే ముందు మొగుడి మొహం దగ్గర మొహం పెట్టి వాసన చూసి, తరవాత చెప్పులు విడిచేది. ఒకరోజు ఆవిడ సూదిలో దారం ఎక్కక విసుక్కుంటుంటే తాతబ్బాయి తీసుకుని ఒక్కసారికే ఎక్కించి ఇచ్చాడు. ఆవిడ ఆ సూది వంకా ఆ చేతి వంకా చూసి, కుట్టుపని పక్కన పెట్టి, వెళ్ళి కాఫీ పెట్టుకొచ్చింది. చాలా ఏళ్ళ తరవాత తాతబ్బాయికి కాఫీ రుచి తెలిసింది.

పరీక్షలు కూడా సాఫీగానే సాగాయి. మూత్రం పట్టే గదిలో దేవదానం అనే పెద్దవయసు అటెండరు ఉండేవాడు. ఎవరూ సీసా మార్చకుండా చూడటం అతని పని. దేవదానం సొంతూరు లంక. రోజూ పంటు మీదే వచ్చిపోయే మనిషి కాబట్టి అతనికి పంటు మర్యాద తెలుసు.

ఆ మర్యాద ఏమిటంటే, గోదావరి అక్కడ బాగా వెడల్పు. దాటడానికి చాలాసేపు పడుతుంది. మధ్యలో ఎవరికైనా అవసరం పడితే ఇంజను వెనక అడ్డంగా ఒక రేకు ఉంటుంది, నడుము దాకా వస్తుంది. ఆ మనిషి అటు నడవగానే సరంగు "గట్టు చూడండి" అని ఒక కేక వేస్తాడు. పంటు మీద ఉన్నవాళ్ళంతా, ఆడా మగా, కరణం గారూ కావిళ్ళవాళ్ళూ, మాటలు మానకుండానే మొహాలు తిప్పి అవతలి గట్టు చూస్తారు. పని అయ్యాక అంతా మామూలే. దీన్ని ఎవరూ ఎవరికీ నేర్పలేదు.

దేవదానం కూడా తాతబ్బాయి లోపలికి రాగానే జేబులు తడిమి, సీసా చేతికిచ్చి, కిటికీ వైపు తిరిగి పులస చేపల సంగతి ఎత్తుకునేవాడు.

"ఈయేడు పులసలు పడ్డట్టు లేవురా తాతబ్బాయ్."

"వరద ఎర్రనీరు సరిగా రాలేదు బాబాయ్. ఇదుగో, అయిపోయింది."

పరీక్షలో ఏమీ లేదని తేలేది. ప్రతిసారీ అంతే. ఎక్కడా లోపం లేకుండా జరిగిపోతున్న పని ఎక్కువకాలం అలా జరగడం ప్రభుత్వ వ్యవహారాల్లో అరుదు.

కేంద్రానికి ప్రధాన పర్యవేక్షణాధికారి సుందరరామం గారు. రిటైరైన డిప్యూటీ కలెక్టరు. లంచం ఎరగడు, ఆలస్యం ఎరగడు. జీవితంలో ఒక్క జీవోని కూడా సగం అమలు చేసిన మనిషి కాదు. వేసవి మొదట్లో ఆయన్ని చల్లటి కొండ ఊరొకదానికి శిక్షణకి పంపారు. అక్కడ మంచి హోటల్లో, మాదకద్రవ్య మద్య పరీక్షల్లో ఉత్తమ పద్ధతులు అనే విషయం మీద మూడు పూటలా భోజనాలతో ఉపన్యాసాలు జరిగాయి. ఆయన తిరిగొచ్చేటప్పుడు ఒక శాలువా, ఒక పుస్తకం, జలుబు తెచ్చుకున్నారు. జలుబు వారంలో తగ్గింది.

సిబ్బందిని సమావేశపరిచి, "నమూనా యొక్క విశ్వసనీయత నమూనాలో లేదు, దాన్ని చూసిన కంటిలో ఉంది. కావున ఇకమీదట పరిశీలకుడు పరీక్షార్థిని మొదటి బొట్టు నుంచి చివరి బొట్టు వరకు అవిచ్ఛిన్న దృష్టితో వీక్షించవలెను," అన్నారు.

"రెప్ప వెయ్యొచ్చాండి?" అని అడిగాడు దేవదానం.

"శారీరక అవసరం మేరకు. దురుద్దేశం లేకుండా."

ఆ తరవాత పరీక్షకి తాతబ్బాయి వెళ్ళేసరికి దేవదానం కిటికీ వైపు తిరగలేదు. ఎదురుగా స్టూలు వేసుకుని, తప్పు చేసినవాడిలా కళ్ళప్పగించి చూస్తూ కూర్చున్నాడు. గుమ్మంలో సుందరరామం గారు.

"ఏంటి బాబాయ్, అలా చూత్తావేంటి?"

"చూడమన్నార్రా."

తాతబ్బాయి సీసా పట్టుకుని నిలబడ్డాడు. గోదావరి అంత ఏకాంతంలో యాభై ఏళ్ళు పోసిన మనిషి. నిలబడ్డాడు, నిలబడ్డాడు. లోపల ఉంది. ఉన్న సంగతి అతనికి తెలుస్తూనే ఉంది. అది మాత్రం ఈ కళ్ళ ముందుకి రానని మొరాయించింది. కాసేపటికి దేవదానానికి కూడా పాపం అనిపించి, దురుద్దేశంతో ఒక రెప్ప వేశాడు. లాభం లేకపోయింది.

"రావట్లేదండి," అన్నాడు తాతబ్బాయి.

సుందరరామం గారు పుస్తకం తిప్పారు. "గడువులోగా నమూనా ఇవ్వనిచో, నమూనాలో మద్యం ఉన్నట్లే భావించవలెను."

"ఏ నమూనాలోనండి?"

"నువ్వు ఇవ్వని నమూనాలో."

అలా మొదటి తప్పు పడింది. ఇంటికొచ్చి చెబితే మంగతాయారు నమ్మలేదు. దగ్గరికి లాక్కుని వాసన చూసింది. మళ్ళీ చూసింది. ఏమీ లేదు. ఆవిడకి మొగుడి మీద రావలసిన కోపం దారి దొరక్క కేంద్రం మీదికి మళ్ళింది. పొద్దున్నే వెళ్ళి సుందరరామం గారి బల్ల ముందు నిలబడింది.

"నా ముక్కుకి మించిన మిషను ఉందాండి మీ కాడ? ఇరవైయేళ్ళ సర్వీసండి దీనికి. వీధి మలుపులో ఉండగానే ఎన్ని గ్లాసులో చెప్పేత్తాను. ఆయన ముట్టలేదండి."

"అమ్మా, మీ ముక్కుకి గుర్తింపు లేదు," అన్నారాయన ఎంతో మర్యాదగా. నిజానికి ఆయన ఎవరితోనూ మర్యాద తప్పి మాట్లాడలేదు. లేచి నిలబడి కుర్చీ కూడా వేయించారు.

రెండో పరీక్షకి మంగతాయారు తయారుచేసి పంపింది. పొద్దున బార్లీ నీళ్ళు, పైన పుచ్చకాయ, ఆ పైన కుండలో సగం. తాతబ్బాయి నడుస్తుంటే కడుపులో చెరువు కదిలిన చప్పుడు. గదిలోకి వెళ్ళేసరికి దేవదానం పక్కన ఇంకో స్టూలు, దాని మీద అకౌంటెంటు. పరిశీలకుడు జాలిపడి చూపు తిప్పుకునే ప్రమాదం ఉంది కాబట్టి, పరిశీలకుడి కళ్ళని పరిశీలించడానికి రెండో పరిశీలకుడట.

తాతబ్బాయి గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. పంటు మీద ఉన్నాననుకున్నాడు. వెనక ఇంజను టకటక, ముందు నీళ్ళు, ఎక్కడో ఒక నీటికాకి. అనుకోగా అనుకోగా వచ్చింది. సీసా నిండింది. సంతోషంతో అతని కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయి.

సుందరరామం గారు సీసాని వెలుతురుకి ఎత్తి చూశారు.

"ఇది నీళ్ళలా ఉందే."

"నీళ్ళే తాగానండి."

"ఎందుకు తాగావు?"

"రావడానికండి."

"అంటే నమూనాని ప్రభావితం చేసే ఉద్దేశంతో తాగావన్నమాట."

"దాన్ని బయటికి రప్పిద్దావనండి!"

"ఉద్దేశం ఒప్పుకున్నాడు. రాసుకోండి." పుస్తకం తిప్పారు. "మితిమీరి పలచబడిన నమూనా, కల్తీ నమూనాతో సమానం. పైగా ఇతను కళ్ళు మూసుకున్నాడని అకౌంటెంటు గారు చెబుతున్నారు. లోపల ఏం చేశావు?"

"గోదారి తలుచుకున్నానండి."

ఆయన చాలాసేపు ఆలోచించి, ఆ సాయంత్రమే ఒక సవరణ జారీ చేశారు: పరీక్షా సమయంలో పరీక్షార్థి ఊహాశక్తిని వినియోగించరాదు.

రెండు తప్పులు పడ్డాయి. ఇక మిగిలింది ఒక్కటే. మేజిస్ట్రేటు గారి ముందు సమీక్ష జరిగినప్పుడు ఆయన కాగితాలు చూసి నొసలు ముడిచారు.

"మొదటిసారి లేకపోవడం తప్పు, రెండోసారి ఎక్కువ కావడం తప్పు. అసలు మందు దొరికిందా?"

"దొరకలేదు, యువరానర్. ఉన్నట్లు భావించబడినది. తమరు ఆమోదించిన మార్గదర్శకాల ప్రకారమే."

మేజిస్ట్రేటు గారు సంతకం గుర్తుపట్టారు. సంతకం పెట్టిన కాగితాన్ని చదవడానికి అప్పటికి కాస్త ఆలస్యమైంది. "మూడో పరీక్షకి నేను కూడా వస్తాను," అన్నారు. ఆయన చేయగలిగింది అంతే. అది మేలో కీడో తాతబ్బాయికి అర్థం కాలేదు. చూసే కళ్ళు ఇంకో జత పెరిగాయన్నది మాత్రం అర్థమైంది.

కళ్ళు పెరుగుతూనే ఉన్నాయి. రెండో పరిశీలకుణ్ణి ఎవరైనా లోబరుచుకోవచ్చు కదా అని, అతని మీద ఒక హోంగార్డుని వేశారు. పారదర్శకత కోసం పౌరసమాజ ప్రతినిధిగా ఊళ్ళోని సేవాసంఘం అధ్యక్షుడొచ్చాడు. దండలు వేయించుకోవడం అలవాటైన మనిషి, వచ్చేటప్పుడు దండ కూడా తనే తెచ్చుకున్నాడు. పరీక్షకి శాశ్వత సాక్ష్యం ఉండాలి గానీ వ్యక్తిగత గోప్యత రీత్యా ఫొటో తీయరాదు, కాబట్టి హైస్కూలు నుంచి డ్రాయింగు మాస్టారిని పిలిపించారు. ఇంతమంది చేరాక పరీక్షార్థి గోప్యతకి భంగం కలుగుతుందేమోనన్న సందేహం సుందరరామం గారికే వచ్చింది. నియమాల దగ్గర ఆయన నిష్పక్షపాతి. వెంటనే గోప్యతా పరిరక్షణ అధికారిని నియమించారు. పరీక్ష జరుగుతున్నంతసేపూ అతి దగ్గరగా నిలబడి, గోప్యతకి ఎక్కడ భంగం కలుగుతోందో జాగ్రత్తగా చూడటం అతని విధి.

వీళ్ళందరితో ఒక మాక్ డ్రిల్ చేశారు. తాతబ్బాయి మధ్యలో నిలబడ్డాడు. చుట్టూ స్టూళ్ళు. డ్రాయింగు మాస్టారు ఒక కన్ను మూసి, పెన్సిలు ముందుకి చాపి, దాని మీద బొటనవేలితో కొలత తీసుకున్నాడు. దాంతో తాతబ్బాయికి వస్తున్నది కూడా వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అతను రేవులో మెట్ల మీద కూర్చుని పంటు వంక చూశాడు. తన బదులు నడుపుతున్న చిట్టిబాబు అనే కుర్రసరంగు పంటుని ఒడ్డుకి తెస్తున్నాడు. మంగతాయారు వచ్చి పక్కన కూర్చుంది.

"ఏవయ్యా, ఎటూ తాగినట్టే రాత్తన్నారు కదా. తాగాలనిపిత్తందా?"

"అనిపిత్తంది," అన్నాడు నిజం దాచకుండా.

ఆవిడ కొంగుముడి విప్పి వేయించిన జీడిపప్పు తీసి చేతిలో పెట్టింది. హాస్టల్లో ఆ రోజు పాయసం. "తిను. రేపటి సంగతి రేపు చూద్దాం." ఇద్దరూ తింటూ కూర్చున్నారు. తాగాలనిపించడం కాసేపటికి దానంతటదే పక్కకి తప్పుకుంది.

మూడో పరీక్ష లంకలో పెట్టారు. అక్కడ కొత్తగా కట్టిన శాఖాకేంద్రానికి ప్రారంభోత్సవం. నలువైపులా వరసగా కుర్చీలు వేసేందుకు వీలుగా విశాలమైన పరీక్షా మందిరం కట్టారు. తొలి నమూనా తాతబ్బాయిది. ఉదయం రేవులో బయల్దేరే ముందు సుందరరామం గారికి సన్మానం జరిగింది. ఎండ మండిపోతోంది. కేంద్రం తరఫున ఒక కొబ్బరిబోండాం, పంచాయతీ తరఫున ఒకటి, సేవాసంఘం తరఫున పెద్దది ఇంకొకటి ఇచ్చారు. ఆయన మర్యాద కాదనలేని మనిషి, అన్నీ తాగారు.

పంటు మీద అంతా ఎక్కారు. మేజిస్ట్రేటు గారు, పరిశీలకులు, స్టూళ్ళు, పూలకుండీలు, ఎప్పటిలాగే చేపల బుట్టల ఆడవాళ్ళు, అరటి గెలలు. తాతబ్బాయీ మంగతాయారూ ఓ మూల కూర్చున్నారు. పంటు నడిమికి వచ్చాక సుందరరామం గారికి ఒక ఉత్తమ పద్ధతి గుర్తొచ్చింది.

"సరంగుకి ఆకస్మిక శ్వాస పరీక్ష!"

చుక్కాని పట్టుకున్న చిట్టిబాబు బెదిరిపోయాడు. కాఫీ కూడా తాగని కుర్రాడు. "ఆయ్, గట్టుకెళ్ళాక ఊదుతానండి. ఇక్కడ మలుపుందండి."

"గట్టుకి వెళ్ళాక ఊదితే గట్టు మీద తాగలేదని తేలుతుంది. నదిలో సంగతేమిటి? రెండు చేతులూ కిందికి దించు. నిటారుగా నిలబడు. చూపు పరికరం మీద. ఊదు."

చిట్టిబాబు చుక్కాని వదిలి, చేతులు దించి, నిటారుగా నిలబడి ఊదాడు. యంత్రం సున్నా చూపించింది. సుందరరామం గారు ఆ సున్నాని పైకెత్తి అందరికీ చూపించారు. పరిశీలకులు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యలో పంటు కింద కరకరమని చప్పుడై, అంతా ఒకరి మీద ఒకరు పడి, మళ్ళీ లేచారు. ఇంజను ఎంత గింజుకున్నా పంటు కదల్లేదు.

మేజిస్ట్రేటు గారు కళ్ళజోడు సర్దుకుని చుట్టూ చూశారు. "ఇది అదే మేటలా ఉందే."

"ఆయ్, అదేనండి," అన్నాడు తాతబ్బాయి. "నేను కాస్త ఎడంగా ఎక్కించానండి."

"మొదటిసారి తాగి ఎక్కించారు. ఈసారి తాగలేదని రుజువు చేస్తూ ఎక్కించారు," అన్నారు మేజిస్ట్రేటు గారు, అరటి గెలల నీడ వెతుక్కుంటూ.

పోటు రావాలంటే మధ్యాహ్నం దాటాలి. ఎండ నెత్తి మీదికి వచ్చింది. చేపల ఆడవాళ్ళు బుట్టల మీద తడిగుడ్డలు కప్పి కబుర్లలో పడ్డారు. సుందరరామం గారు మాత్రం కూర్చోలేదు. నిలబడ్డారు. కాస్త నడిచారు. మళ్ళీ నిలబడి, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకున్నారు. మూడు బోండాలు తమ పని తాము చేసుకుపోతున్నాయి. చివరికి ఆయన ఇంజను వెనక రేకు వైపు మెల్లిగా, ఏదో తనిఖీకి వెళుతున్నట్టు నడిచారు.

ఆయన వెనకే అకౌంటెంటు నడిచాడు. అతని వెనక హోంగార్డు. గోప్యతా అధికారి కాస్త ముందుకెళ్ళి దగ్గరగా నిలబడ్డాడు. అధ్యక్షుడు దండ సర్దుకున్నాడు.

"మీరెందుకయ్యా?" అన్నారు సుందరరామం గారు రేకు వెనకనించి.

"అలవాటైపోయింది సార్," అన్నాడు హోంగార్డు, చూపు తిప్పకుండా.

"పొండి అవతలికి."

వాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు. కళ్ళు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. శిక్షణ గట్టిది. రేకు పైన సుందరరామం గారి తల, భుజాలు కనబడుతున్నాయి. ఆయన నది వైపు తిరిగి నిలబడ్డారు. నిలబడే ఉన్నారు. చెవులు ఎర్రబడ్డాయి. మెడ మీద చెమట కాలరులోకి జారింది.

మంగతాయారు మోచేత్తో మొగుణ్ణి పొడిచింది. "ఉండనీ. కాసేపు తెలుత్తాది."

తాతబ్బాయి కూడా మొదట నవ్వాడు. తరవాత ఆ ఎర్రటి చెవుల వంక చూశాడు. ఆ నిలబడటం అతనికి తెలుసు. లోపల ఉండీ రాకపోవడం, వెనక కళ్ళు వీపుని పొడవడం, నోరెత్తి అడగలేకపోవడం, అంతా తెలుసు. ఆ క్షణంలో పంటు మీద ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. అతను లేచి, ఎంతోకాలంగా వాడని గొంతు సవరించుకుని కేకేశాడు.

"గట్టు చూడండెహె!"

చేపల ఆడవాళ్ళు మాటలు మానకుండానే మొహాలు తిప్పారు. అరటి గెలలవాళ్ళు తిప్పారు. చిట్టిబాబు తిప్పాడు. దేవదానం అందరికంటే ముందే తిప్పేశాడు. పరిశీలకులకి ఆ మర్యాద తెలియదు, అలాగే చూస్తున్నారు. వాళ్ళ పక్కనున్న ముసలమ్మ ఒకావిడ హోంగార్డు గడ్డం పట్టుకుని అవతలికి తిప్పింది.

"ఏం చూత్తావురా అబ్బాయ్, మొకం తిప్పు. నువ్వూనయ్యా దండ బాబూ, నీకేవన్నా విడిగా చెప్పాలా?"

మేజిస్ట్రేటు గారు కూడా తిరిగి, వాదనలు వింటున్నంత శ్రద్ధగా అవతలి గట్టు చూశారు. బురదలో నాలుగు కొంగలు ఒకే వైపు తిరిగి నిలబడి ఉన్నాయి. ఎవరిదో ఎర్రచీర కంచె మీద ఆరేసి ఉంది. ఎన్నోసార్లు ఈ నది దాటినా ఆయన ఆ గట్టుని ఎప్పుడూ చూడలేదు. వెనకనించి గోదావరిలోకి ఒక సన్నటి చప్పుడు మొదలై, స్థిరపడి, ధారాళంగా, చాలాసేపు సాగింది. ఎవరూ వెనక్కి తిరగలేదు. కొంగలు కూడా కదల్లేదు.

సుందరరామం గారు బయటికొచ్చేసరికి తాతబ్బాయి చెంబుతో నీళ్ళు పట్టుకుని ఉన్నాడు. చేతుల మీద పోశాడు. ఆయన జేబురుమాలుతో చేతులు తుడుచుకుని, మొహం తుడుచుకుని, గొంతు తగ్గించి అడిగారు.

"ఎవరైనా... చూశారా?"

"లేదండి. అందరం గట్టు చూశామండి."

"నేను కూడా చూడలేదు సార్. గోప్యతకి ఎక్కడా భంగం కలగలేదు," అన్నాడు గోప్యతా అధికారి. ఉద్యోగంలో చేరాక అతను మొదటిసారి చేసిన పని అది.

మార్గదర్శకాల ప్రకారం సాక్షి లేని విసర్జన జరగనట్టే లెక్క. సుందరరామం గారికి ఆ సంగతి గుర్తొచ్చి ఉండాలి. జరగని పని ఇంత హాయిగా ఉండటం గురించి ఆలోచిస్తున్నట్టు, పోటు వచ్చేదాకా నీళ్ళ వంక చూస్తూ కూర్చున్నారు.

లంకలో జ్యోతి వెలిగించారు, రిబ్బను కత్తిరించారు. పరీక్షా మందిరంలో కుర్చీలన్నీ నిండాయి. మంగతాయారుకి లోపలికి ప్రవేశం లేదు, గుమ్మం బయట నిలబడింది. తాతబ్బాయి సీసా పట్టుకుని మధ్యలోకి వచ్చాడు. ఆ రోజు నీళ్ళు ఎక్కువ తాగలేదు, గోదావరిని తలుచుకోవడానికి అనుమతి లేదు. మెడ మీద చెమట కాలరులోకి జారింది. చెవులు ఎర్రబడ్డాయి.

అధ్యక్ష స్థానంలో సుందరరామం గారు ఆ చెవులు చూశారు.

పుస్తకం తెరిచారు. పేజీలు తిప్పారు. ముందుకి తిప్పారు, వెనక్కి తిప్పారు. ఎక్కడా ఏమీ లేదు. నియమం లేకుండా ఆయన జీవితంలో ఒక మంచి పని కూడా చేసి ఎరగరు. మేజిస్ట్రేటు గారు ఆయన వంకే చూస్తున్నారు. సుందరరామం గారు పుస్తకం మూసి, లేచి నిలబడి, గొంతు సవరించుకున్నారు.

"స్థానిక భౌగోళిక పరిస్థితుల దృష్ట్యా," అని మొదలుపెట్టారు, "ప్రత్యక్ష వీక్షణకు ప్రత్యామ్నాయంగా, పరిశీలకులు తమ తమ దృష్టిని నదీముఖంగా ప్రసరింపజేసి, పరోక్ష శ్రవణ పద్ధతి ద్వారా పరిశీలనను కొనసాగించవలసిందిగా ఇందుమూలముగా..."

ఎవరికీ అర్థం కాలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"గట్టు చూడమంటున్నారండి," అన్నాడు దేవదానం.

కుర్చీలు ఒక్కసారిగా కిరకిరలాడాయి. అంతా కిటికీల వైపు తిరిగారు. బయట గోదావరి, దాని అవతల వాళ్ళు పొద్దున బయల్దేరిన గట్టు. మందిరం నిశ్శబ్దమైంది. తరవాత నిశ్శబ్దం కానిది వినబడింది. గుమ్మం బయట మంగతాయారు ఆ చప్పుడు విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆవిడకే తెలియలేదు.

నమూనా పలచగా లేదు, చిక్కగా లేదు. మద్యం అసలే లేదు. మేజిస్ట్రేటు గారు ఇంకా గట్టు వైపే చూస్తూ, "పరీక్ష నెగ్గినట్టు రాసుకోండి," అన్నారు. "ఆ వెనకటి రెండూ కూడా మళ్ళీ నా దగ్గరికి పంపండి. ఈసారి చదివి సంతకం పెడతాను." శాశ్వత సాక్ష్యం కోసం డ్రాయింగు మాస్టారు, పంటు మీంచి చూసిన గట్టుని గుర్తుపెట్టుకుని వేసిన బొమ్మని ఫైలుకి జతచేశారు. అందులో మనిషి లేడు. నాలుగు కొంగలూ, కంచె మీద చీరా ఉన్నాయి.

ఆ బొమ్మ పైఅధికారుల దాకా వెళ్ళింది. మరుసటి వేసవిలో అదే కొండ ఊళ్ళో, అదే హోటల్లో, సుందరరామం గారు అవతలి గట్టు పద్ధతి మీద ఉపన్యాసం ఇచ్చి ఇంకో శాలువా తెచ్చుకున్నారు. పద్ధతిని అన్ని జిల్లాల్లోనూ తప్పనిసరి చేశారు. నది లేని మెట్ట జిల్లాల్లో కేంద్రాల గోడల మీద గట్టు బొమ్మ వేయించడానికి టెండర్లు పిలిచారు. ఒకచోట కంట్రాక్టరు మూడు కొంగలే వేశాడని బిల్లు ఆపేశారు. ఇంకోచోట ఎర్రచీర బదులు నీలంచీర వేస్తే విచారణ సంఘం పడింది. అయినా ఆ గోడల ముందు నిలబడిన ఎందరో మనుషులకి, ఎవరు ఎందుకు చేశారో తెలియకుండానే, వెనక నుంచి కళ్ళు తప్పుకున్నాయి.

తాతబ్బాయికి ఏడాది నిండాక లైసెన్సు తిరిగొచ్చింది. మొదటిరోజు పంటు ఎక్కే ముందు మంగతాయారు అలవాటు కొద్దీ దగ్గరికి వచ్చి వాసన చూసి, "ఊ, పో," అంది.

వర్షాకాలంలో ఒకసారి సుందరరామం గారు లంక తనిఖీకి వెళుతూ ఆ పంటే ఎక్కారు. రేవులో ఎవరో ఆయనకి బోండాం ఇచ్చారు. నది నడుమకి వచ్చాక ఆయన లేచి, గొడుగు ఒకరి చేతికిచ్చి, ఇంజను వెనక్కి నడిచారు. ఎవరూ కేక వేయలేదు. పంటంతా మొహాలు తిప్పింది. తాతబ్బాయి ఒక్కడే తిప్పలేదు, చుక్కాని పట్టుకుని ఎప్పటిలాగే నిలబడ్డాడు. అవతలి గట్టు చూస్తూ నడపడమే కదా సరంగు పని.